షుగర్ దిగట్లేదా? చిగుళ్లు కూడా చూపించుకోండి

గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. సీజన్లో ఘాటు, తుమ్ములు, గంటకో టీ. పళ్లు తోముకుంటే నురగ ఎర్రగా వచ్చేది. కారం ఎక్కువ తింటున్నానేమోలే అని ఊరుకున్నా. షుగర్ మాత్రలు పెంచినా, మూడు నెలల సగటు చెప్పే రక్త పరీక్ష (HbA1c) 8.6 దగ్గరే ఆగింది. చివరికి బ్రాడీపేటలో మా డాక్టరు నోరు తెరవమని చూసి, "ముందు పళ్ల డాక్టరుకి చూపించుకోండి బాబాయ్ గారూ" అన్నాడు.

సంగతేమిటంటే, చిగుళ్ల వాపు రాత్రింబగళ్లు సాగే ఇన్ఫెక్షన్. దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే పదార్థాలు రక్తంలో కలిసి ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. షుగర్ పెరిగితే చిగుళ్లు ఇంకా త్వరగా పాడవుతాయి. వడ్డీకి వడ్డీ లాంటి వ్యవహారం. చిగుళ్ల జబ్బున్నవాళ్లలో గుండెజబ్బులూ ఎక్కువగా కనిపిస్తాయి గానీ, ఇదే కారణమని తేలలేదు.

అద్దం ముందు లైటు వేసి చూసుకోండి. మంచి చిగురు పంటిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, తోమితే రక్తం రాదు. ఎర్రగా ఉబ్బినా, పళ్లు పొడుగైనట్టు అనిపించినా, వాసన పోకపోయినా వెళ్లాల్సిందే. నొప్పి లేదు కదా అని ఆగకండి, ఈ జబ్బు చాలాకాలం నొప్పి లేకుండానే ముదురుతుంది. సిగరెట్ తాగేవాళ్లకైతే రక్తం కూడా సరిగా కనపడదు.

పాచి బ్రష్షుతో పోతుంది. అది గట్టిపడి గార అయిందంటే డాక్టరు పరికరంతో తీయాల్సిందే. "గార తీయిస్తే పళ్లు కదులుతాయి" అని మా కొట్లో హమాలీల దగ్గర్నుంచి షావుకారు దాకా అందరూ భయపెట్టారు. గార పోయి వాపు దిగాక, అప్పటిదాకా కప్పబడిపోయిన సందులు బయటపడతాయి, అంతే. నాకూ రెండు వారాలు చన్నీళ్లు జివ్వుమన్నాయి, తర్వాత సర్దుకుంది.

ఇంట్లో చేయాల్సింది తక్కువే. మెత్తటి బ్రష్షు, ఫ్లోరైడ్ పేస్టు. బ్రష్షును చిగురు అంచువైపు ఏటవాలుగా పెట్టి, రెండు నిమిషాలు, పూటకోసారి. రాత్రిపూట మాత్రం ఎగ్గొట్టకండి. పళ్ల సందులకు బుల్లి బ్రష్షులు దొరుకుతాయి, నాకు బాగా పనికొచ్చినవి అవే. బొగ్గు, ఇటుకపొడి జోలికి పోవద్దు. నిమ్మసోడా తాగిన వెంటనే కాకుండా అరగంట ఆగి తోమండి.

డాక్టరు దగ్గరికి ఉదయం టిఫిన్ చేసి, షుగర్ మాత్ర వేసుకుని వెళ్లండి. ఖాళీ కడుపుతో కుర్చీలో కూర్చుంటే కళ్లు తిరుగుతాయి. వాడే మందులన్నీ చీటీ మీద రాసుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు, గుండెలో పెట్టిన వాల్వు, ఎముకల కోసం వేయించుకునే ఇంజెక్షన్లు ఉంటే ముందే చెప్పాలి. ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపేయకండి.

గార తీయించుకున్న నాలుగు నెలలకు నా షుగర్ లెక్క 7.9కి దిగింది. పొద్దున నడక కూడా మొదలుపెట్టాను కాబట్టి అంతా చిగుళ్ల పుణ్యమే అనను. మళ్లీ క్లీనింగ్ యార్డు వేసవి సెలవుల్లో పెట్టుకున్నా, అప్పుడైతే షావుకారుకి సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.