సోలో కీబోర్డ్ ప్లేయర్లకు: సీజన్ మొదలవకముందే స్పీకర్ విషయంలో జాగ్రత్తలు

ప్రోగ్రాముల సీజన్ దగ్గరపడగానే సోలో కీబోర్డ్ ప్లేయర్లు చాలామంది చేసే పని ఒకటుంది. పాత స్పీకర్ బాక్స్ చాలట్లేదనిపిస్తుంది, నాలుగు మోడళ్లు చూస్తారు, వాట్స్ ఎక్కువున్నది తెచ్చుకుంటారు, ప్యాకింగ్ విప్పి నేరుగా స్టేజి మీద పెట్టేస్తారు. అప్పుడు తెలుస్తుంది, హెడ్‌ఫోన్స్‌లో అంత నిండుగా వినిపించిన పియానో టోన్ ఇక్కడ డొల్లగా, చెవికి గుచ్చుకునేలా వస్తోందని. బ్యాండ్‌తో వాయిస్తే ఈ లోపం డ్రమ్స్ కింద, గిటార్ వెనక దాక్కుంటుంది. సోలోలో బేస్ మీరే, కార్డ్స్ మీరే, చాలాసార్లు పాట కూడా మీరే, అవన్నీ ఒకటో రెండో బాక్సులు మోయాలి. అందుకని, కొనేముందు ఏం చూడాలో, కొన్నాక ఏం సరిచూసుకోవాలో చెప్తాను.

ముందు వాట్స్ సంగతి తేల్చేద్దాం. బాక్స్ మీద పెద్ద అక్షరాలతో 1000, 2000 అని ఉండేది సాధారణంగా పీక్ లెక్క, అంటే లోపలి ఆంప్లిఫయర్ ఒక్క క్షణం ఇవ్వగలిగినది. నిలకడగా ఇచ్చేది అందులో సగమో, ఇంకా తక్కువో. పైగా వాట్స్ రెట్టింపయితే పెరిగేది 3 డెసిబెల్స్ (సౌండ్‌ని కొలిచే లెక్క) మాత్రమే. చెవికి సౌండ్ రెట్టింపయినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పది రెట్ల పవర్ కావాలి. కాబట్టి 500 వాట్స్ బాక్స్ అమ్మేసి 1000ది తెచ్చుకుంటే జేబుకి తెలుస్తుంది కానీ చెవికి పెద్దగా తెలియదు.

చూడాల్సింది మాక్సిమమ్ ఎస్‌పీఎల్ అనే అంకె, అంటే బాక్స్ గరిష్ఠంగా ఎంత గట్టిగా మోగగలదో చెప్పేది. అదీ పీకా, కంటిన్యువసా (నిలకడగా ఇచ్చేదా) అని చూసుకునే రెండు మోడళ్లను పోల్చాలి. బ్యాటరీతో నడిచే బోస్ ఎస్1 ప్రో సుమారు 7 కిలోలు, దాని పీక్ 109 డెసిబెల్స్. క్యూఎస్‌సీ కే8.2 సుమారు 12 కిలోలు, దాని పీక్ 128. రెండూ చేతిలో పట్టుకెళ్లేవే, రెండూ మంచివే, కానీ మధ్యలో దాదాపు 20 డెసిబెల్స్ తేడా ఉంది. జనం మాట్లాడుకుంటుంటే పక్కన నెమ్మదిగా వాయించడానికి మొదటిది హాయిగా సరిపోతుంది. ఆరుబయట వంద మంది ముందు దాన్ని నిలబెడితే మాత్రం కష్టం, ఎందుకంటే ఓపెన్‌లో దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి. 1 మీటర్ దగ్గర 100 ఉన్నది 16 మీటర్ల దగ్గరికి 76 అయిపోతుంది. వెనక వరుస ఎంత దూరంలో ఉంటుందో ముందు లెక్కేసుకోండి, మోడల్ తర్వాత.

ఇంకో విషయం, కీబోర్డ్‌కి హెడ్‌రూమ్, అంటే మామూలు సౌండ్ పైన బాక్స్‌లో మిగిలుండే ఖాళీ, బాగా కావాలి. పియానో టోన్‌లో సుత్తి తగిలే మొదటి క్షణం సగటు సౌండ్ కంటే చాలా పైకి లేస్తుంది. ఆ ఖాళీ లేని బాక్స్‌లో సౌండ్ హద్దు దాటకుండా ఆపే లిమిటర్ అడ్డుపడుతుంది, మీరెంత గట్టిగా కొట్టినా ఒకేలా వినిపిస్తుంది. సౌండ్ పగలదు, కాబట్టి బాగానే ఉందనుకుంటాం, కానీ వాయించడంలో ప్రాణం పోతుంది.

షాపులో వినేటప్పుడు ఫోన్‌లో పాట పెట్టి వినొద్దు. పాట ముందే మిక్స్ చేసి, కంప్రెస్ చేసి ఉంటుంది, అది ఏ బాక్స్‌లోనైనా కాస్త బాగానే ఉంటుంది. బరువైనా సరే మీ కీబోర్డ్ పట్టుకెళ్లండి, మీరు రోజూ వాడే టోన్లే పెట్టండి. స్పీకర్ వెనక డీఎస్‌పీ ప్రీసెట్‌లుంటే (సౌండ్ తీరు మార్చే రెడీమేడ్ సెట్టింగులు) ఫ్లాట్‌లో పెట్టి మొదలుపెట్టండి, బేస్ బూస్ట్ చేసే ప్రీసెట్ మొదటి రెండు నిమిషాలు బ్రహ్మాండంగా ఉండి తర్వాత అంతా బురదలా చేస్తుంది. మిడిల్ సీ దగ్గర్నుంచి పైకి రెండు మూడు ఆక్టేవ్‌లు, గట్టి కార్డ్స్ కొట్టండి. చాలా బాక్సుల్లో కింది సౌండ్ ఇచ్చే వూఫర్ నుంచి పై సౌండ్ ఇచ్చే హార్న్‌కి మారేది 2 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలే, పియానో, ఎలక్ట్రిక్ పియానో టోన్ల పదునంతా అక్కడే ఉంటుంది, చవక హార్న్ అయితే గంటలు కొట్టినట్టు మోగుతుంది. తర్వాత ఆర్గన్ కార్డ్ ఒకటి నొక్కి, సస్టెయిన్‌లో వదిలేసి, బాక్స్‌కి ఎదురుగా కాకుండా పక్కకి జరిగి వినండి. మీ శ్రోతల్లో సగం మంది ఉండేది ఆ పక్కనే. చివర్లో ఏమీ వాయించకుండా చెవి దగ్గరపెట్టి వినండి, బుస్ మనే హిస్, లోపలి ఫ్యాన్ సౌండ్ అప్పుడే బయటపడతాయి.

ఇప్పుడు అసలు చిక్కు, ఒక్క బాక్స్ చాలా, రెండు కావాలా అన్నది. మోసుకెళ్లేది మీరొక్కరే కాబట్టి ఒకటే కొనాలనిపిస్తుంది, తప్పులేదు. కానీ కీబోర్డ్‌లో గ్రాండ్ పియానో టోన్లు చాలావరకు రెండు మూడు మైకులు దూరదూరంగా పెట్టి స్టీరియోలో రికార్డ్ చేసినవి. ఆ లెఫ్ట్, రైట్ రెండింటినీ కలిపి మోనో చేస్తే కొన్ని నోట్స్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఒక నోటు గట్టిగా, పక్కది నీరసంగా, మొత్తం మీద గొట్టంలోంచి వచ్చినట్టు ఉంటుంది. స్పీకర్ బాగోలేదని తిరిగిచ్చేసినవాళ్లలో చాలామందికి అసలు జబ్బు ఇదే.

తెలుసుకోవడం తేలికే. హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి మీ టోన్ విని, తర్వాత కీబోర్డ్ వెనక ఎల్/మోనో అని రాసున్న జాక్‌లో మాత్రమే వైర్ పెట్టి స్పీకర్‌లో వినండి. ఆ జాక్ ఒక్కటే పెడితే కీబోర్డ్ లోపలే రెండు వైపులనూ కలిపేస్తుంది. ఇప్పుడు పక్కనున్న ఆర్ జాక్‌లో ఒక ఖాళీ పిన్ పెట్టండి, వైర్ రెండో చివర దేనికీ కలపొద్దు. చాలా కీబోర్డుల్లో అప్పుడు ఎల్‌లోంచి వట్టి లెఫ్ట్ మాత్రమే వస్తుంది. పియానో ఒక్కసారిగా తేటపడిందా, సమస్య కలపడంలో ఉందన్నమాట. అలాగని వట్టి లెఫ్ట్‌తోనే ప్రోగ్రాములన్నీ లాగించొచ్చని కాదు. చాలా పియానో టోన్లలో లెఫ్ట్ వైపు కింది నోట్స్ ఎక్కువ, పైవి తక్కువ ఉంటాయి, ఎలక్ట్రిక్ పియానోలో ఆటో ప్యాన్ (సౌండ్‌ని లెఫ్ట్, రైట్‌ల మధ్య తిప్పే ఎఫెక్ట్) ఉంటే సౌండ్ వచ్చిపోతూ ఉంటుంది. ముందు మీ కీబోర్డ్‌లో మోనో పియానో అనే టోన్ ఉందేమో వెతకండి, చాలా స్టేజ్ పియానోల్లో ఉంటుంది, ఎవరూ దాని జోలికి పోరు. అది నచ్చితే ఒక్క బాక్స్‌తో బ్రహ్మాండంగా నడిచిపోతుంది. నచ్చకపోతే 15 కిలోలది ఒకటి కొనే బదులు తేలికైనవి రెండు కొనండి, నా ఓటు దీనికే. రెండుంటే ఒకటి మధ్యలో మొరాయించినా ప్రోగ్రాము ఆగదు.

బేస్ విషయంలో ఆశ అదుపులో పెట్టుకోవాలి. 88 కీల పియానోలో అడుగు నోటు 27.5 హెర్ట్జ్, బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్. 8 అంగుళాల వూఫర్ ఉన్న బాక్సులు చాలావరకు 55, 60 దగ్గరే చేతులెత్తేస్తాయి. స్పెక్స్‌లో 45 అని రాసుంటే పక్కనే మైనస్ 10 డీబీ అని ఉందేమో చూడండి, ఉంటే ఆ నోటు నామమాత్రంగా వస్తుందని అర్థం. సోలో పియానోకి ఇది పెద్ద ఇబ్బంది కాదు, ఆ నోటుతో పాటు మోగే పై హార్మోనిక్స్ విని చెవి మిగతాది పూరించుకుంటుంది. ఎడమ చేత్తో బేస్ గిటార్ టోన్ వాయించేవాళ్లు, రిథమ్ ట్రాక్స్ మీద ఆధారపడేవాళ్లు మాత్రం 10 లేదా 12 అంగుళాలకి వెళ్లాలి. లేదంటే ఈక్యూలో (బేస్, ట్రెబుల్ సర్దే చోట) బేస్ తిప్పీ తిప్పీ చిన్న వూఫర్ ప్రాణం తీస్తారు.

బరువు స్పెక్స్‌లో చదివితే తెలియదు. బాక్స్‌ని ఒక చేత్తో, కీబోర్డ్ బ్యాగ్ భుజాన వేసుకుని, మెట్లు ఎక్కి చూడండి.

బ్యాటరీ మోడల్ అయితే కంపెనీ చెప్పే గంటలు ఓ మోస్తరు వాల్యూమ్‌కి లెక్క. ఫుల్‌గా పెడితే చాలా తగ్గుతాయి, బ్యాటరీ పాతబడేకొద్దీ ఇంకా తగ్గుతాయి. విమానంలో తీసుకెళ్లేవాళ్లు బ్యాటరీ మీద వాట్ అవర్స్ చూసుకోండి, 100 దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే ఇక ఎక్కించరు. కీబోర్డ్‌ని బ్లూటూత్‌లో కలిపే ఆలోచన అస్సలు వద్దు, సాధారణ బ్లూటూత్‌లో 100 మిల్లీసెకండ్లకు పైనే ఆలస్యం ఉంటుంది, కీ నొక్కాక సౌండ్ ఎప్పుడో వస్తుంది. ట్రాక్స్‌కి పర్వాలేదు. అయితే ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేయండి, లేదంటే మీ రింగ్‌టోన్ హాలంతా వింటుంది.

కనెక్షన్ దగ్గర రెండే చూసుకోండి. స్పీకర్ వెనక మైక్, లైన్ అని స్విచ్ ఉంటే కీబోర్డ్‌కి లైన్‌లోనే ఉండాలి, మైక్‌లో ఉంటే సౌండ్ పగులుతుంది, మీరు కీబోర్డ్ వాల్యూమ్ తగ్గించుకుంటారు, హిస్ పెరుగుతుంది. కీబోర్డ్ వాల్యూమ్ ముప్పావు వంతుకి పెట్టి, మిగతాది స్పీకర్ దగ్గర సర్దుకోవడం మేలు. రెండోది హమ్. కీబోర్డ్, ల్యాప్‌టాప్, స్పీకర్ వేర్వేరు సాకెట్ల నుంచి కరెంట్ తీసుకుంటే జుమ్మని మోగుతుంది, అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే చాలాసార్లు పోతుంది. పోకపోతే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్న డీఐ బాక్స్ (కీబోర్డ్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టే చిన్న డబ్బా) వాడండి. హమ్ పోవడానికి ప్లగ్‌లో ఎర్త్ పిన్ విరగ్గొట్టే అలవాటు కొందరికుంది. ఒక చేయి మైక్ మీద, ఇంకో చేయి కీబోర్డ్ మీద ఉండే మనకి అది ప్రాణాల మీదికి వచ్చే పని.

పాడేవాళ్లు స్పీకర్‌ని తమ వెనక పెట్టుకుంటే మీకూ జనానికీ ఒకే సౌండ్ వినిపిస్తుంది, బాగానే ఉంటుంది, కానీ మైక్ దానికి ఎదురుగా చూస్తూ ఉంటుంది కాబట్టి కొంచెం పెంచగానే ఈల వేస్తుంది. కాస్త పక్కకి, వీలైతే మీకంటే ఒక అడుగు ముందుకి పెట్టండి. స్టాండ్ ఎత్తు హార్న్ ముందు వరుస తలల పైన ఉండేలా సర్దండి. ఆరుబయట అయితే కాళ్లు పూర్తిగా పరిచి, వాటి మీద ఇసుక సంచి వేయాల్సిందే, గాలికి 12 కిలోల బాక్స్ పడితే కింద ఎవరున్నారో చూడదు. ఎండలో నల్ల బాక్స్ వేడెక్కితే చాలా మోడళ్లు వాటంతటవే సౌండ్ తగ్గించేసుకుంటాయి, పాడైందని కంగారు పడకుండా నీడ చూడండి. జనరేటర్ మీద వాయించేవాళ్లు స్పీకర్ వెనక వోల్టేజ్ చదవండి. 100-240 అని ఉంటే ఒడిదుడుకులు కొంతవరకు తట్టుకుంటుంది, 115/230 సెలెక్టర్ ఉన్నదైతే స్విచ్ మీ కరెంట్‌కి తగ్గట్టు ఉందో లేదో పెట్టేముందే చూసుకోవాలి. ఆన్ చేసేటప్పుడు స్పీకర్ ఆఖర్న, ఆపేటప్పుడు ముందుగా.

తెచ్చుకున్నాక మొదటి ప్రోగ్రాముకి కనీసం వారం ముందు మీ సెట్ మొత్తం, అదే స్టాండ్, అదే మైక్, అదే వైర్లతో, ప్రోగ్రాములో పెట్టే వాల్యూమ్‌లోనే మొదటి నుంచి చివరి దాకా వాయించండి. మధ్యలో ఒకసారి కరెంట్ వైర్‌ని చేత్తో అటూ ఇటూ కదపండి, సాకెట్‌లో వదులుగా ఉండి స్పీకర్ ఆగిపోతే వైర్ మార్చండి లేదా లాక్ పడే రకం తెచ్చుకోండి. ఇదంతా వాపసు గడువు దాటకముందే చేయండి, బిల్లూ ప్యాకింగ్ డబ్బా అప్పటిదాకా పారేయొద్దు.