ఇంజనీరుగా గుర్తింపు – 3వ పాఠం: అనుభవ పత్రం రాయడం

గత రెండు పాఠాల్లో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ (ఇండియా)లో అసోసియేట్ మెంబర్, మెంబర్, ఫెలో అనే మెట్లు, దరఖాస్తుకు జతచేసే కాగితాలు చూశాం. ఇప్పుడు ఎక్కువమంది తడబడే చోటికి వద్దాం: అనుభవ పత్రం, అంటే మీరు చేసిన పని గురించి మీరే రాసిచ్చే కాగితం.

అందులో ఏం వెతుకుతారో అర్థం కావాలంటే సంస్థ ఎందుకు పుట్టిందో తెలియాలి. 1916–18 నాటి పారిశ్రామిక కమిషన్ ఇంజనీర్లకు ఒక దేశవ్యాప్త సంస్థ కావాలంది. 1920లో అది నమోదైంది, 1921 ఫిబ్రవరి 23న కలకత్తాలో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ దాన్ని ప్రారంభించారు. 1935లో రాయల్ చార్టర్, అంటే బ్రిటిష్ రాజు ఇచ్చే అధికార పత్రం, వచ్చింది. 'చార్టర్డ్ ఇంజనీర్' అన్న మాటకు బలం అక్కడిదే. లాయర్లకు 1961 చట్టం, ఆర్కిటెక్టులకు 1972 చట్టం ఉన్నాయి. ఇంజనీర్లందరికీ వర్తించే అలాంటి చట్టం మన దేశంలో లేదు. మీ పనిని తోటి ఇంజనీర్లు చదివి ఒప్పుకోవడమే ఇక్కడ గీటురాయి. కాబట్టి ఏ ప్రాజెక్టులో ఉన్నారన్నది కాదు, ఏ నిర్ణయానికి మీరు పూచీ పడ్డారన్నదే రాయాలి.

మామూలుగా కనిపించే వాక్యం ఇది: "అపార్ట్‌మెంట్ నిర్మాణంలో సైట్ ఇంజనీరుగా స్లాబు పనులు పర్యవేక్షించాను." దీన్నిబట్టి మీరేం చేశారో ఎవరికీ తెలియదు. అదే పనిని ఇలా రాయండి (ఎం25 అంటే 28 రోజులకు చదరపు మి.మీ.కు 25 న్యూటన్ల బలం రావాల్సిన కాంక్రీటు; క్యూబులంటే పరీక్షకు పోసిన కాంక్రీటు దిమ్మలు; కోర్లంటే గట్టిపడ్డ స్లాబు నుంచి తొలిచి తీసే ముక్కలు):

"ఎం25 స్లాబు. 150 మి.మీ. క్యూబుల 7 రోజుల సగటు 13 న్యూటన్లు/చ.మి.మీ. వచ్చింది. 16 దాకా రావాల్సింది. సపోర్టులు తీయకుండా ఆపించాను. బ్యాచింగ్ లెక్క చూస్తే, వాన తర్వాత ఇసుక పై తేమ 5 శాతం ఉన్నా నీళ్లు తగ్గించలేదు. ఘనపు మీటరుకు 700 కిలోల ఇసుకతో 35 లీటర్లు అదనంగా చేరాయి. 360 కిలోల సిమెంటుకు 162 లీటర్లు పడాల్సింది 197 అయింది, నీళ్లు-సిమెంటు నిష్పత్తి 0.45 నుంచి 0.55కు చేరింది. ఆ రోజు నుంచి పొద్దున్నే తేమ పరీక్ష పెట్టించాను. 28 రోజుల ఫలితమూ చాలకపోతే 3 కోర్లు తీయాలని, సగటు కోరిన బలంలో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదని రాతపూర్వకంగా చెప్పాను."

చూశారా, కొలత, కారణం, నిర్ణయం, దాని ఆధారం నాలుగూ వచ్చాయి. ఏ సభ్యుడైనా ఈ అంకెలు పట్టుకుని మిమ్మల్ని ప్రశ్నించగలడు. మీ దగ్గర క్యూబ్ రిజిస్టరు ఉంటే జవాబూ సిద్ధంగా ఉంటుంది. రిజిస్టరులో లేని అంకె పత్రంలో పెట్టకండి. ఒక్క అంకె తేడా పడినా మిగతావాటినీ అనుమానిస్తారు, అది న్యాయమే.

తరచూ జరిగే పొరపాట్లు మరికొన్ని. "మేము చేశాం" అని రాస్తే మీ వాటా కనపడదు; బృందం పనిని ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే "నా బాధ్యత" అని మొదలుపెట్టండి. తేదీల మధ్య ఖాళీలు వదలకండి, ఉద్యోగం లేని ఆరు నెలలుంటే అలాగే రాయండి. పై అధికారి ధ్రువీకరణలోని హోదా, మీరు రాసిన హోదా ఒకటే కావాలి. ఎన్నేళ్ల అనుభవం కావాలి, ఫీజు ఎంత అన్నవి మారుతుంటాయి, దరఖాస్తు చేసే రోజునే చూసుకోండి.

ఒక మాట ప్రత్యేకంగా. పగలు పని, రాత్రి చదువుతో ఏఎంఐఈ (ఈ సంస్థ అసోసియేట్ మెంబర్) సెక్షన్ ఎ, బి పరీక్షలు రాసిన డిప్లొమా ఇంజనీర్లంటే మాకు గౌరవం. అయితే దాన్ని ఉద్యోగానికి డిగ్రీతో సమానంగా లెక్కించడం 2013 మే 31లోగా నమోదైనవారికే. ఆ తర్వాత చేరినవారు పత్రంలో దాన్ని ఇంజనీరింగ్ డిగ్రీ అని రాయకూడదు.

అభ్యాసం: మీరు చేసిన ఒక్క పని ఎంచుకుని, పై నమూనాలో 80 మాటలకు మించకుండా రాయండి. ప్రతి అంకె పక్కన అది ఏ రిజిస్టరులో, ఏ పేజీలో ఉందో పెన్సిలుతో వేయండి. వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే ఇంటర్వ్యూకు సిద్ధమవుదాం.