ఆర్కేడ్ రేసింగ్ గేముల్లో డ్రిఫ్ట్: జారడం సరే, బయటపడటం ఎలా?

పక్కన ఎవరైనా రేసింగ్ గేమ్ ఆడుతుంటే, మలుపు మధ్యలో వాళ్ళ కారు ఎంత అందంగా జారుతోందో నేను పట్టించుకోను. మలుపు అయిపోయాక వచ్చే ఆ ఒక్క సెకను చూస్తాను. కారు తిన్నగా దూసుకుపోయిందా, తోక అటోసారి ఇటోసారి విసిరి గోడకు రాసుకుందా అన్నదాంట్లోనే ఆడేవాళ్ళ పనితనం తెలిసిపోతుంది. బ్రేక్ తట్టి కారును పక్కకు జార్చడం పది నిమిషాల్లో ఎవరికైనా వచ్చేస్తుంది. జారిన కారును మళ్ళీ దారిలో పెట్టే దగ్గరే చాలామంది తేలిపోతారు. నేర్పిస్తామని చెప్పే వీడియోలు కూడా మొదలుపెట్టడం గురించి అరగంట ఊదరగొట్టి, చివరికి వచ్చేసరికి ‘ఇక స్టీరింగ్ సరిచేసుకోండి’ అని చేతులు దులుపుకుంటాయి. ఎలా సరిచేసుకోవాలో చెప్పరేం?

సెట్టింగులు

ఇవి త్వరగా కానిచ్చేద్దాం. కంట్రోలర్ ఉంటే మంచిది. కీబోర్డయినా నడుస్తుంది, కాకపోతే కీ నొక్కితే పూర్తిగా తిరుగుతుంది, వదిలితే సున్నా. మధ్యలో ఏమీ ఉండదు కాబట్టి టకటకా తట్టి వదలడం అలవాటు చేసుకోవాలి. ఫోనును అటూ ఇటూ వంచి కారు తిప్పే పద్ధతి మాత్రం ఇవాళే మానేయండి. వంచిన ఫోను వెనక్కి తెచ్చేలోపు గోడ వచ్చేస్తుంది. స్టీరింగ్ వీల్ కొనమంటారా అని అడగకండి. ఆర్కేడ్ గేములకు, అంటే నిజం కారులా కాకుండా సరదా కోసం నడిచే గేములకు, అది దండగ.

టీవీలో ఆడేవాళ్ళు గేమ్ మోడ్ పెట్టుకోండి. బటన్ నొక్కడానికీ తెర మీద కారు కదలడానికీ మధ్య ఆలస్యం తగ్గుతుంది. సెకనుకు 60 ఫ్రేములిచ్చే మోడ్ ఉంటే గ్రాఫిక్స్ కాస్త తగ్గినా అదే ఎంచుకోండి. 30 ఫ్రేములైతే ఒక్కో బొమ్మ దాదాపు 33 మిల్లీసెకన్లు తెర మీద నిలిచిపోతుంది, 60 అయితే 17. కెమెరా కారు వెనకనుంచే ఉండాలి. బానెట్ మీది కెమెరాలో తోక ఎంత తిరిగిందో కనబడదు. స్టీరింగ్ సాయం లాంటివి ఏమున్నా ఆపేయండి. మారియో కార్ట్ 8 డీలక్స్‌లో స్మార్ట్ స్టీరింగ్ ఆన్‌లో ఉంటే అన్నిటికన్నా పెద్ద మినీ టర్బో (జారినందుకు చివర్లో దొరికే వేగపు తోపు) అసలు రాదు. ఇది తెలియక నెలల తరబడి బటన్ పట్టుకుని కూర్చున్నవాళ్ళను చూశాను.

1. మీ గేమ్ డ్రిఫ్ట్‌ను ఎలా గుర్తిస్తుందో చూడండి

చాలా ఆర్కేడ్ గేముల్లో కారుకు రెండు అవస్థలుంటాయి: మామూలు పరుగు, డ్రిఫ్ట్. ఫలానా బటన్, ఫలానా వేగం, స్టీరింగ్ ఇంత తిరిగి ఉండటం, ఇవన్నీ కలిస్తే గేమ్ కారును రెండో అవస్థలోకి నెడుతుంది. 1993లో నామ్కో తెచ్చిన రిడ్జ్ రేసర్‌లో యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిప్పి, మళ్ళీ నొక్కితే కారు జారేది. 2003 నాటి సెగా అవుట్‌రన్ 2లో మలుపు తిప్పుతూ బ్రేక్ ఒక్కసారి తడితే చాలు. మారియో కార్ట్‌లో గెంతి, బటన్ పట్టుకుని ఉండాలి. ఆస్ఫాల్ట్ 9లో డ్రిఫ్ట్‌కు విడిగా నొక్కాలి. మీ గేమ్ ఈ నాలుగింటిలో దేనికి దగ్గరో ఒక ఖాళీ ట్రాక్‌లో తేల్చుకోండి.

ఇక్కడొక మాట. నిజం కార్ల డ్రిఫ్ట్ వీడియోలు చూసొచ్చి, బరువు ముందు చక్రాల మీదికి మారాలి, క్లచ్ తన్నాలి అని సలహాలిచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. జపాన్ కొండదారుల్లో నడిపి డ్రిఫ్ట్ కింగ్ అనిపించుకున్న కేయిచి సుచియా చేసినదానికీ మీ బొటనవేలు చేసేదానికీ పేరు తప్ప పోలిక తక్కువ. తారు రోడ్డు మీద నిజం కారు అంతలా పక్కకు జారితే టైరు పట్టు వృథా అయి వేగం పోతుంది. అందుకే సర్క్యూట్ రేసుల్లో డ్రైవర్లు వీలైనంత వరకు జారనివ్వరు. ఆర్కేడ్ గేమ్ ఆ లెక్కను తిరగేసి, జారితే వేగం మిగులుతుందని, పైగా నైట్రో, అంటే బటన్ నొక్కితే కాసేపు వచ్చే అదనపు వేగం, కూడా ఇస్తానని ఆశపెడుతుంది. 2004లో పీఎస్‌పీకి వచ్చిన రిడ్జ్ రేసర్ నుంచి ఆ సిరీస్‌లోనూ జారితే నైట్రో నిండటం మొదలైంది. కాబట్టి భౌతికశాస్త్రం పక్కన పెట్టి, గేమ్ పెట్టిన రూలు నేర్చుకోండి.

2. జారడం మొదలుపెట్టండి

మలుపుకు బయటి అంచు నుంచి రండి. మీరు అనుకునేదానికన్నా కాస్త ముందే స్టిక్ (కంట్రోలర్ మీద బొటనవేలితో తిప్పే పుల్ల) తిప్పి, బ్రేక్ ఒక్కసారి తట్టి వదిలేయండి. తట్టడమంటే తట్టడమే, తొక్కి పట్టడం కాదు. హ్యాండ్‌బ్రేక్ వాడొచ్చా అంటే, వెనక్కి తిరిగివచ్చేంత పదునైన మలుపుల్లో తప్ప వద్దు. హ్యాండ్‌బ్రేక్‌తో తోక ఒక్కసారిగా ఎక్కువ తిరిగిపోతుంది, తర్వాత చెప్పబోయే పనంతా రెట్టింపు కష్టమవుతుంది.

3. మలుపు మధ్యలో

గ్యాస్, అంటే యాక్సిలరేటర్, నొక్కే ఉంచండి. స్టిక్‌ను లోపలికి కొద్దిగా, మళ్ళీ కొద్దిగా తగ్గిస్తూ, కారు లోపలి అంచుకు ఓ కారు వెడల్పు దూరంలో ఉండేలా చూడండి. అంచుకు రాసుకుంటూ పోవాలని మోజు పడకండి, అక్కడ తగిలితే మొత్తం పోతుంది. వేగం మరీ ఎక్కువైతే కొన్ని గేముల్లో డ్రిఫ్ట్ చెడకుండానే బ్రేక్ తట్టొచ్చు. మారియో కార్ట్ 8కు 2015లో 200సీసీ అనే అతివేగపు మోడ్ వచ్చాక అక్కడ ఇది తప్పనిసరి విద్య అయిపోయింది.

4. బయటపడటం

ఇప్పుడు నిదానంగా చదవండి.

జారుతున్నంతసేపూ కారు మూతి ఒకవైపు చూస్తుంటుంది, కారు మరోవైపు పోతుంటుంది. మూతి లోపలికి, ప్రయాణం బయటికి. టైర్లకు పట్టు తిరిగి దొరికిన క్షణంలో ఈ తేడా మాయమై, మూతి ఎటు చూస్తోందో కారు అటే లగెత్తుతుంది. అప్పటికింకా మూతి లోపలి గోడ వైపే ఉంటే, కారు లోపలి గోడకే పోతుంది. దాన్ని చూసి కంగారుపడి స్టిక్‌ను రెండోవైపు చివరిదాకా తోసేస్తారు. వేగం మీదున్న కారును అంత గట్టిగా తిప్పేసరికి గేమ్ దాన్ని కొత్త డ్రిఫ్ట్ అనుకుని తోకను రెండోవైపుకు విసురుతుంది. మళ్ళీ కంగారు, మళ్ళీ ఇటువైపు. చేపను ఒడ్డున వేసినట్టు కారు రోడ్డంతా కొట్టుకోవడానికి కారణం ఇదే. కారు చెడ్డది, గేమ్ చెడ్డది అని తిట్టుకుంటారు కానీ చేసిందంతా బొటనవేలే.

కాబట్టి మనకు కావలసింది ఒక్కటే: పట్టు తిరిగొచ్చే క్షణానికి మూతి సరిగ్గా బయటి రోడ్డు వైపు చూస్తూ ఉండాలి. దీనికి స్టిక్‌తో మూడు కదలికలు.

మొదటిది, లోపలికి పట్టిన స్టిక్‌ను మధ్యకు వదిలేయడం. ఇది మలుపులో మూడింట రెండొంతులు అయ్యేసరికే జరగాలి. ‘అప్పుడేనా, ఇంకా మలుపు మిగిలే ఉందిగా’ అనిపిస్తుంది. అనిపించాలి. స్టిక్ వదిలినా కారు తిరుగుడు వెంటనే ఆగదు, కాసేపు దాని ఊపున అదే తిరుగుతుంది. మిగిలిన మలుపును ఆ ఊపుకే వదిలేయాలి. రోడ్డు తిన్నగా కనబడ్డాక వదిలేవాళ్ళు ఎప్పటికీ ఆలస్యమే.

రెండోది, ఎదురు తిప్పడం. మలుపు కుడికైతే స్టిక్ ఎడమకు. ఎంత అంటే సగం, అంతకు మించి వద్దు. కీబోర్డు మీదైతే రెండు మూడు చిన్న తట్లు. దీంతో తిరుగుడు ఆగి, తోక మూతి వెనక్కి సర్దుకోవడం మొదలవుతుంది.

మూడోది ఎవరూ చేయరు. కారు తిన్నగా కాకముందే ఎదురు తిప్పిన స్టిక్‌ను మధ్యకు తెచ్చేయాలి. ఇంకా కొంచెం వంకర మిగిలి ఉండగానే. మిగిలిన ఆ కొంచెం దానంతట అదే సర్దుకుంటుంది. కారు పూర్తిగా తిన్నగా అయ్యేదాకా స్టిక్ పట్టుకుంటే, తిన్నగా అయిన మరుక్షణం అది ఎడమకు తిరగడం మొదలుపెడుతుంది, ఎందుకంటే మీరు ఎడమకు పట్టుకునే ఉన్నారు కాబట్టి! ఊయలను ఆపాలంటే అది మధ్యకు రాకముందే చెయ్యి అడ్డం పెట్టి, వెంటనే చెయ్యి తీసేస్తాం. ఇదీ అంతే.

ఈ మూడు కదలికలూ కలిపి ఒక సెకను పడుతుందేమో. మొదట్లో మనసులో ‘వదులు, ఎదురు, వదులు’ అనుకుంటూ చేయండి. నవ్వొచ్చినా సరే, గట్టిగా అంటేనే బాగా పని చేస్తుంది.

ఈ సెకనులో చేయకూడనివి కూడా చెప్పాలి. గ్యాస్ వదలకండి. చాలా గేముల్లో డ్రిఫ్ట్ మధ్యలో గ్యాస్ వదిలితే పట్టు ఠక్కున తిరిగొస్తుంది, మూతి ఎటుందో అటు కారు గుంజుకుపోతుంది. బ్రేక్ అంతకన్నా ప్రమాదం. నైట్రో అన్నిటికన్నా ప్రమాదం. బాణం సూటిగా పెట్టకుండా వదిలితే ఏమవుతుందో ఇదీ అదే. కొన్ని గేముల్లో నైట్రో నొక్కగానే డ్రిఫ్ట్ తెగిపోతుంది కూడా. మూడో కదలిక పూర్తయ్యాక, మూతి రోడ్డు చివరను చూస్తున్నప్పుడు నొక్కండి.

కళ్ళు ఎక్కడున్నాయన్నది కూడా ముఖ్యమే. తెర మధ్యలో కారే కనబడుతుంది కాబట్టి చూపు దానికే అతుక్కుంటుంది. కారును చూస్తే జరిగిపోయినదాన్ని చూస్తున్నట్టే లెక్క. మలుపు సగానికి రాగానే చూపును రోడ్డు కనబడే చిట్టచివరకు విసిరేయండి. కారు సంగతి చెవులు చూసుకుంటాయి: టైర్ల కీచు సన్నబడుతోందంటే పట్టు తిరిగొస్తోందని అర్థం. సంగీతం ఆపేసి ఆడమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. ఎవరూ వినరనుకోండి.

అప్పటికీ తోక రెండోవైపుకు విసిరిందా? దాంతో కుస్తీ పట్టకండి. స్టిక్ మధ్యలో వదిలేసి, ఈ ఒక్కసారికి గ్యాస్ కూడా వదిలి, అర సెకను ఓపిక పట్టండి. కాస్త వేగం పోతుంది. మూడు విసుర్లు విసిరి గోడకు కొట్టుకుంటే పోయే వేగంతో పోలిస్తే అది చిల్లర.

మారియో కార్ట్ తరహా గేముల్లో ఈ ఎదురు తిప్పుడు అక్కర్లేదు. బటన్ వదిలితే డ్రిఫ్ట్ అక్కడితో సరి. కానీ రూలు అదే, వదిలే క్షణానికి మూతి బయటి దారిలో ఉండాలి, లేకపోతే టర్బో మిమ్మల్ని గడ్డిలోకి తోస్తుంది. అక్కడ జనాన్ని చెడగొట్టేది దురాశ. జారేకొద్దీ టర్బో పెరుగుతోందని చక్రాల దగ్గర రవ్వల రంగు చెబుతుంది. నీలం నిప్పురవ్వలొచ్చాయి, నారింజ వచ్చాయి, ఇంకొంచెం ఆగితే గులాబీ రంగువి వస్తాయి కదా అని మలుపు దాటాక కూడా పట్టుకుని కూర్చుంటారు. దారి తిన్నగా అయ్యిందా, ఏ రంగున్నా వదిలేయండి.

5. ఎస్ మలుపులు, అసలు జారకూడని మలుపులు

కుడి వెంటనే ఎడమ వచ్చే చోట ఇందాక తప్పన్నదే ఒప్పవుతుంది. మూడో కదలిక మానేసి, ఎదురు తిప్పిన స్టిక్‌ను అలాగే కొనసాగిస్తే తోక రెండోవైపుకు వెళ్ళి రెండో డ్రిఫ్ట్ దానంతట అదే మొదలవుతుంది. మొదటిది బాగా వచ్చాకే దీని జోలికి వెళ్ళండి.

మెల్లగా వంగే మలుపుల్లో అసలు జారొద్దు. గ్యాస్ ఒక్క క్షణం వదిలి మళ్ళీ నొక్కితే చాలు. ప్రతి వంపులోనూ పొగ లేపేవాళ్ళు చూడటానికి బాగుంటారు, ల్యాప్ టైములో వెనకే ఉంటారు. నైట్రో నింపుకోవడానికి జారక తప్పని గేమైతే సరే, లేకపోతే వద్దు.

ప్రాక్టీసు

ఆన్‌లైన్ రేసుల్లో నేర్చుకోవడం కుదరదు, పక్కవాళ్ళు గుద్దుతుంటే తప్పు ఎవరిదో తెలియదు. టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీపడే మోడ్) పెట్టుకుని, తర్వాత పొడవాటి తిన్నని రోడ్డున్న ఒక్క మలుపును ఎంచుకోండి. మలుపు అయ్యాక మొదట వచ్చే బోర్డో స్తంభమో గుర్తు పెట్టుకుని, దాన్ని దాటేటప్పుడు స్పీడోమీటర్‌లో ఎంతుందో చూడండి. మలుపులోకి ఎంత వేగంతో వెళ్ళారన్నది చూడొద్దు. స్టిక్‌ను ప్రతిసారీ కొద్ది కొద్దిగా ముందుగానే వదులుతూ పోతే, ఆ అంకె పెరిగి పెరిగి ఒకచోట తగ్గడం మొదలవుతుంది. తగ్గడానికి ముందున్నదే మీ చోటు. మీ ఘోస్ట్‌ను, అంటే మీ పాత ల్యాప్‌ను మళ్ళీ నడిపి చూపే నీడ కారును, కూడా ఆన్ చేసుకోండి. మలుపు మధ్యలో అది మిమ్మల్ని దాటినా కంగారుపడకండి, బయటికి వచ్చాక ఎవరు ముందున్నారో చూసుకోండి.

కారు మారిస్తే వదిలే చోటు మళ్ళీ వెతుక్కోవాలి. బరువైన కారు తిరుగుడు ఆపడానికి మామూలుగా ఎక్కువసేపు తీసుకుంటుంది కాబట్టి దానికి కాస్త ముందే వదలాలి. అందుకే ఒక కారుతో చెయ్యి కుదిరేదాకా గ్యారేజీ వైపు వెళ్ళకండి.