స్పాంజి అచ్చులు, 4వ పాఠం: ముంచకండి, అద్దండి

పోయిన పాఠంలో స్పాంజి ముక్కను మామిడి పిందె అచ్చుగా కోసి, దానితో బిస్క్ కప్పు (ఒకసారి కాల్చిన, గ్లేజ్ అనే గాజు పూత ఇంకా వేయని మట్టి కప్పు) మీద రంగు అచ్చు వేయమన్నాను. చాలామందికి పిందె కాస్తా గుమ్మడికాయ అయింది. కొందరికి తొడిమ మాయం, ఇంకొందరికి రంగు కప్పు అడుగుదాకా కారింది. తప్పు నాది కూడా. "స్పాంజి తడిపి రంగు పట్టించండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అందుకని ఈసారి రెండు రంగుల అచ్చు వాయిదా.

ముందు కోత. కత్తెర కింద స్పాంజి నలిగి పక్కకు జారుతుంది, అందుకే అంచులు చిరిగాయి. తడిపి, పిండి, ఫ్రీజర్‌లో గట్టిపడేదాకా ఉంచి, కొత్త బ్లేడుతో కోయండి. సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చి చెక్కితే గీత అద్భుతంగా వస్తుంది కానీ ఆ పొగ మంచిది కాదు, నేను మానేశాను. గిన్నెలు తోమే స్పాంజి వద్దు. సన్న రంధ్రాలతో కాస్త గట్టిగా ఉండే ఫోమ్ ముక్క చాలు. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ కుండల మీద ఈ అచ్చులు వేసినవాళ్ళు కూడా సముద్రపు స్పాంజిలో మొదలు దగ్గరి గట్టి భాగాన్నే కోసుకునేవారు.

ఇక అసలు జబ్బు నీళ్ళు. బిస్క్ ఎండిన నేలలా నీళ్ళు పీల్చేస్తుంది. అచ్చులో నీళ్ళుంటే నొక్కగానే ముందు అవే దిగుతాయి, రంగును పల్చన చేసి గీత దాటించి పాకిస్తాయి. అలాగని పొడి స్పాంజి వాడితే రంగంతా తానే తాగేసి బయటికి వదలదు, మనం గట్టిగా నొక్కుతాం, మళ్ళీ గుమ్మడికాయే. కాబట్టి తడిపి, పిండి, పాత తువ్వాల్లో చుట్టి మళ్ళీ పిండండి. న్యూస్‌పేపర్ మీద పెట్టి తీస్తే మసక మరక పడాలి, చుక్క కనబడకూడదు.

అప్పుడు కూడా సీసాలో ముంచకండి! ఎన్నిసార్లు చెప్పినా ముంచేస్తున్నారు. పెడనలో కలంకారీ అద్దేవాళ్ళను చూడండి. చెక్క అచ్చును రంగులో ముంచరు, రంగు పీల్చిన మెత్త మీద ఒత్తి తీస్తారు. మనమూ అంతే. చిలికిన పెరుగంత చిక్కగా ఉన్న అండర్‌గ్లేజ్‌ని (గ్లేజ్ కింద వేసే రంగుని) టైల్ మీద పల్చగా పూసి, అచ్చును దాని మీద రెండుసార్లు తట్టండి. నేనైతే బ్రష్‌తో నేరుగా అచ్చు ముఖానికే పూస్తాను, రంగు ఆదా. మొదటి అచ్చు పేపర్ మీద, రెండోది కప్పు మీద. కప్పు గుండ్రన కదా, ఒక అంచు ఆనించి రెండో అంచుదాకా దొర్లించండి. చెడిపోతే వెంటనే తడి స్పాంజితో తుడిచి, ఆరాక మళ్ళీ వేసుకోవచ్చు.

అక్షరాలు తిరగేసి కోయాలని వేరే చెప్పాలా? "శ్రీ" అద్దం బొమ్మలా పడిన ఫొటోలు మూడు వచ్చాయి.

పారదర్శక గ్లేజ్ బ్రష్‌తో రుద్దితే అచ్చు చెరుగుతుంది. రంగు పూర్తిగా ఆరాక గ్లేజ్‌లో ముంచి తీయండి. ఇక్కడ మాత్రం ముంచవచ్చు.

అభ్యాసం: ఒకే పిందె, 60 సార్లు. 40 పేపర్ మీద, 20 పగిలిన బిస్క్ ముక్కల మీద. వరసగా అయిదు ఒకేలా పడ్డాకే కప్పు ముట్టుకోండి.