వారసత్వంగా వచ్చిన పాత బంగళాను విశాఖలో ఉన్నది ఉన్నట్టుగా, నేరుగా అమ్ముకోవడం ఎలా

కిర్లంపూడి లేఅవుట్, పాండురంగాపురం, లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, సిరిపురం వంటి చోట్ల ఒకప్పుడు ముచ్చటపడి కట్టించుకున్న విశాలమైన ఇళ్లలో కొన్నింటికి ఇప్పుడు తాళాలే కాపలా. కట్టించినవారు కాలం చేశారు, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడ్డారు. అలాంటి ఇంటిని బాగు చేయించకుండా, మధ్యవర్తి లేకుండా, బ్యాంకు రుణం మంజూరు కోసం ఎదురుచూడనక్కరలేని కొనుగోలుదారుకు ఒకే మొత్తానికి అమ్మడం సాధ్యమే. అయితే ఇంటికి పెట్టదలచిన ఖర్చును, ఓపికను కాగితాల మీద పెట్టాలి.

మరమ్మతులు ఎందుకు వద్దంటే, ఇలాంటి చోట్ల ధర చాలామటుకు స్థలానిదే. సముద్రపు ఉప్పుగాలికి స్లాబులోని ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. పైన సిమెంటు మెత్తి రంగు వేస్తే ఆ లోపం పోదు సరికదా, కొనేవారు వెంట తెచ్చుకునే ఇంజనీరుకు దాన్ని దాచారన్న అనుమానం కలుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టిన దెబ్బలు ఇంకా మానని ఇళ్లున్నాయి; వాటిని ఇప్పుడు సరిచేయించి ఆ ఖర్చును ధరలో రాబట్టుకోవడం కష్టం, ఎందుకంటే కొనేవారు ఎక్కువగా పడగొట్టి కొత్తది కట్టుకునే ఆలోచనతోనే వస్తారు. ఆవరణలో పొదలు కొట్టించి, చెత్త తీయించి, కరెంటు బిల్లు, నీటి పన్ను, ఇంటి పన్ను బకాయిలు కట్టేస్తే చాలు. టేకు తలుపులు, కిటికీలు, ఉయ్యాల బల్ల, దీపపు గుత్తులు వంటివాటిలో ఇంటితోపాటు ఇచ్చేవేవో, మీరు తీసుకెళ్లేవేవో మాత్రం ఇల్లు చూపించకముందే జాబితా రాసి పెట్టుకోవాలి. పాత టేకుకు మంచి ధర పలుకుతుంది కాబట్టి ఈ చిన్న విషయం మీదే బేరాలు చెడిన సందర్భాలున్నాయి.

అసలు పని హక్కు నిరూపించుకోవడంతో మొదలవుతుంది. తండ్రి స్వార్జితమైన ఇల్లయి, ఆయన వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, ఆయన తల్లి జీవించి ఉంటే ఆమెకు కూడా సమాన వాటాలు వస్తాయి. తండ్రి కన్నా ముందే చనిపోయిన కొడుకు వాటా అతని భార్యాపిల్లలకు, కూతురి వాటా ఆమె పిల్లలకు చెందుతుంది. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలోనైతే కూతుళ్లకు పుట్టుకతోనే కొడుకులతో సమానమైన హక్కు ఉంటుందని 2005 సవరణ చెప్పింది; ఆ సవరణ నాటికి తండ్రి జీవించి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ‘పెళ్లిలో ఇవ్వాల్సింది ఇచ్చేశాం కదా’ అనే మాట చుట్టాల మధ్య చెల్లుతుందేమో గాని సబ్ రిజిస్ట్రారు ముందు చెల్లదు. అక్కచెల్లెళ్లు తమ వాటా వద్దనుకుంటే ఆ మేరకు రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు రాసివ్వాలి, వద్దనుకోకపోతే అమ్మకపు దస్తావేజులో అమ్మేవారిగా సంతకం చేయాలి. ఈ రెండూ కాని మూడో దారిని ఎవరైనా చూపిస్తే నమ్మకండి.

వీలునామా ఉంటే దాని మీద కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. దాన్ని రిజిస్టరు చేయించి ఉండాలన్న నిబంధన లేదు, విశాఖలోని ఆస్తికి ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) కూడా తప్పనిసరి కాదు. అయినా కొనేవారి న్యాయవాది మిగతా వారసుల సమ్మతి సంతకాలు అడగవచ్చు. అది మీ మీద అపనమ్మకం కాదు, రేపు దావా పడకుండా ఆయన తీసుకునే జాగ్రత్త. వారసుల్లో మైనర్లుంటే వారి వాటా అమ్మకానికి జిల్లా కోర్టు అనుమతి అవసరమవుతుంది కనుక, ఆ పని అందరికన్నా ముందు మొదలుపెట్టాలి. విదేశాల్లో ఉన్నవారు అక్కడి భారత కాన్సులేటులో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టి చెల్లుబాటు చేయించుకోవాలి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీదే ఇల్లు చేతులు మారే పద్ధతికి యాజమాన్యం బదిలీ చేసే శక్తి లేదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, చివరికి రిజిస్టరైన అమ్మకపు దస్తావేజు ఉండి తీరాలి.

మరణ ధ్రువపత్రం, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మొదటి కొనుగోలు నుంచి వరుసగా లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), నగరపాలక సంస్థ జీవీఎంసీ ఇచ్చిన ఇంటి పన్ను రసీదులు, అప్పటి ప్లాను మంజూరు కాగితం ఒకే ఫైలులో చేర్చండి. ఈసీ 1983 నుంచి ఆన్‌లైనులో దొరుకుతుంది. అంతకు ముందు లావాదేవీలకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చేతిరాత పుస్తకాలు వెతికించాలి. మూల దస్తావేజు పోయినట్లయితే పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, ధ్రువీకరించిన నకలు మూడూ సిద్ధం చేసుకోండి. అసలు పోయిందా, నాన్నగారు ఏదైనా బ్యాంకులో తాకట్టు పెట్టి మరిచారా అన్నది ముందు విచారించండి.

తరువాత స్థలం సంగతి. దస్తావేజులోని గజాలకూ నేల మీది గజాలకూ తేడా రావడం సాధారణం. రోడ్డు వెడల్పులో కొంత పోయి ఉంటుంది, పక్కవారి ప్రహరీ కొంత లోపలికి వచ్చి ఉంటుంది. సర్వేయరుతో కొలిపించి, ఉన్న విస్తీర్ణానికే ధర చెప్పాలి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూసుకోవాలి; నగరంలోని దసపల్లా భూములు ఈ జాబితాతో ఎన్నేళ్లు నలిగాయో విశాఖవాసులకు చెప్పనక్కరలేదు. స్థలం పెద్దదైతే 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం కింద అప్పట్లో ఇచ్చిన డిక్లరేషన్, దాని మీద వచ్చిన ఉత్తర్వు కూడా వెతికి పెట్టాలి, ఎందుకంటే ఆ చట్టం రద్దయినా పాత ఉత్తర్వుల ప్రభావం మిగిలే ఉంటుంది. తీరానికి దగ్గరైతే సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి) కట్టడాల ఆంక్షలు, నౌకాదళ విమానాశ్రయం వల్ల వచ్చే ఎత్తు పరిమితులు కొనేవారి లెక్కను మార్చేస్తాయి. ఎన్ని అంతస్తులు లేస్తాయో తెలియకుండా చెప్పే ధర ఊహే అవుతుంది. ఔట్‌హౌసులో వాచ్‌మన్ కుటుంబం ఉంటే, వారికి ఇవ్వదలచినది ఇచ్చి, వేరే చోటు చూసుకునే వ్యవధి కూడా ఇచ్చి, ఖాళీ చేసినట్టు కాగితం రాయించుకున్నాకే ఇల్లు చూపించండి.

ధర నిర్ణయానికి రిజిస్టర్డ్ వాల్యూయరు చేత విలువ కట్టించడం మంచిది, అదే చేతితో 2001 ఏప్రిల్ 1 నాటి విలువ కూడా రాయించుకోవాలి. ఎందుకో పన్ను దగ్గర చెబుతాను. ‘అమ్మబడును’ అని గేటుకు బోర్డు కడితే మొదట వచ్చేది బ్రోకర్లే. అందుకని ముందుగా పక్క స్థలాల యజమానులను అడగండి. రెండు స్థలాలు కలిస్తే కట్టుకునే వీలు పెరుగుతుంది కాబట్టి వారికి మీ స్థలం విలువ ఇతరులకన్నా ఎక్కువ. తరువాత మీ ఆడిటరుకు, కుటుంబ వైద్యుడికి, కాలనీ సంఘం పెద్దలకు చెప్పండి. బిల్డర్లు డెవలప్‌మెంటుకు, అంటే స్థలం తీసుకుని కట్టిన ఫ్లాట్లలో మీకు వాటా ఇచ్చే పద్ధతిలో అడుగుతారు. అది ఏళ్ల తరబడి సాగే వేరే వ్యవహారం, వారసులు నాలుగు ఊళ్లలో ఉన్న కుటుంబానికి నేను సిఫారసు చేయను.

ఇక నగదు. రెడీ క్యాష్ అంటే నోట్ల కట్టలు కాదు. స్థిరాస్తి అమ్మకానికి సంబంధించి 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నోట్ల రూపంలో తీసుకుంటే, తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. బయానాకు కూడా ఇదే వర్తిస్తుంది. ‘వైట్ ఎంత, బ్లాక్ ఎంత’ అని మొదటి మాటల్లోనే అడిగే వ్యక్తికి మర్యాదగా నమస్కారం చెప్పి పంపండి. పైగా ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ ఒప్పుకున్న ధర కన్నా 10 శాతానికి మించి ఉంటే, పన్ను లెక్కలో ఆ ప్రభుత్వ విలువనే మీ అమ్మకపు ధరగా తీసుకుంటారు. 7 కోట్లకు అమ్మిన ఇంటికి ప్రభుత్వ విలువ 8 కోట్లుంటే మీరు పన్ను కట్టేది 8 కోట్ల లెక్కన. ఆ తేడా కొన్నవారికీ ఆదాయమే అవుతుంది. కాబట్టి డబ్బు ఆర్‌టీజీఎస్‌లో గాని బ్యాంకు డీడీల ద్వారా గాని రావాలి, అదీ పెద్దన్నయ్య ఖాతాలోకి కాకుండా ఎవరి వాటా వారి ఖాతాలోకి.

అమ్మకపు ఒప్పందంలో ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాటను, తెలిసిన లోపాల జాబితాను, కొలిచిన విస్తీర్ణాన్ని, గడువును, గడువు దాటితే బయానా ఏమవుతుందో అన్నదాన్ని స్పష్టంగా రాయించండి. ధర 50 లక్షలు గాని అంతకు మించి గాని ఉంటే కొనుగోలుదారు ధరలోంచి 1 శాతం టీడీఎస్ (ముందస్తు పన్ను కోత) కోసి మీ పేరున ప్రభుత్వానికి కడతారు. వారసులెందరున్నా ఈ 50 లక్షలను మొత్తం ధర మీదే చూస్తారు. అమ్మేవారు ప్రవాసులైతే కోత చాలా ఎక్కువ, కనుక తక్కువ కోతకు అనుమతించే ధ్రువపత్రాన్ని ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే తెచ్చుకోవాలి. రాష్ట్రంలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం వరకు అయ్యే ఖర్చును సాధారణంగా కొన్నవారే భరిస్తారు.

వారసత్వంగా ఇల్లు వచ్చినందుకు పన్ను లేదు, అమ్మినప్పటి లాభం మీదే ఉంటుంది. కొన్న ధరగా తండ్రి పెట్టిన ఖర్చును, ఆయన 2001కి ముందే కొని ఉంటే దాని బదులు 2001 ఏప్రిల్ 1 నాటి విలువను తీసుకోవచ్చు. ఈ విలువ ఆనాటి రిజిస్ట్రేషన్ విలువను మించకూడదు. దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం, 2024 జూలై 23కు ముందే మీ చేతికి వచ్చిన ఇంటికైతే, దేశంలో నివసించే వ్యక్తులు ద్రవ్యోల్బణ సవరణతో 20 శాతం లెక్కను కూడా వేసి చూసి, తక్కువ పడినదాన్ని కట్టవచ్చు. అమ్మిన రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా మినహాయింపు ఉంది. ఆరు నెలల్లోగా నిర్దేశిత బాండ్లలో 50 లక్షల వరకు పెట్టే వీలూ ఉంది. రిటర్ను గడువులోగా ఇల్లు కొనలేకపోతే ఆ సొమ్మును మూలధన లాభాల ప్రత్యేక ఖాతాలో జమ చేయాలి, మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్ అందుకు చెల్లదు.

మిగతా సొమ్ము జమ అయినట్టు మీ బ్యాంకు చెప్పాకే సబ్ రిజిస్ట్రారు ముందు సంతకం చేసి, తాళాలు, మూల దస్తావేజులు అప్పగించి రసీదు తీసుకోండి. విద్యుత్ సర్వీసు, ఇంటి పన్ను కొన్నవారి పేరుకు మారేదాకా పట్టించుకోండి, లేకపోతే బకాయి నోటీసులు ఇంకా నాన్నగారి పేరునే వస్తుంటాయి.