ఇంగ్లీషు పనిముట్టు పేరు పుట్టుపూర్వోత్తరాలు వెతకడం ఎలా?

న్యూస్ అంటే నాలుగు దిక్కుల ఇంగ్లీషు పేర్లలోని మొదటి అక్షరాలట! వాట్సాప్‌లో ఇది ఇంకా తిరుగుతూనే ఉంది. ‘కొత్త’ అనే న్యూ నుంచే ఆ మాట వచ్చిందని ఏ మంచి నిఘంటువు తెరిచినా కనిపిస్తుంది, కానీ తెరిచేదెవరు? మాట చరిత్ర వెతకడం అంత కష్టం కాదు. మొదటిసారి చేసేవాళ్లు పనిముట్టు పేరుతో మొదలుపెట్టాలి. ప్రేమ, ధర్మం లాంటి మాటల జోలికి పోవద్దు. పనిముట్టయితే కంటికి కనిపిస్తుంది, అర్థం ఎక్కడ మారిందో పట్టుకోవచ్చు. ఇక్కడ స్పేడ్ అనే మాట తీసుకుందాం.

కావలసినవి

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ. మొదటి భాగం 1884లో, చివరిది 1928లో వచ్చాయి. ఆన్‌లైన్‌లో చూడాలంటే చందా కట్టాలి. ఉచితంగా కావాలంటే పాత ఇంగ్లీషుకు (సుమారు 1100కు ముందుది) బాస్‌వర్త్-టాలర్ నిఘంటువు, మధ్యయుగపు ఇంగ్లీషుకు (ఆ తర్వాత సుమారు 1500 దాకా) మిషిగన్ యూనివర్సిటీ వాళ్లది ఉన్నాయి. ఒక నోటుపుస్తకం, పెన్ను. కాపీ-పేస్ట్ పనికిరాదు, చేత్తో రాస్తేనే నిఘంటువులో ఉదాహరణ పక్కనున్న తేదీ మీద కన్ను పడుతుంది.

1. ముందు వస్తువును చూడండి

మన హార్డ్‌వేర్ షాపులో స్పేడ్ అడిగితే పార ఇస్తారు. పార రేకు కర్రకు అడ్డంగా ఉంటుంది. నడుం వంచి మట్టిని మనవైపు లాగుతాం. ఇంగ్లండు తోటల్లో వాడే స్పేడ్ రేకు కర్రకు తిన్నగా ఉంటుంది. నిలబడి, పై అంచు మీద బూటు పెట్టి తొక్కితే నేలలోకి దిగుతుంది. మాట ఒకటే, వస్తువులు రెండు. ఇది చూడకుండా నిఘంటువు తెరిస్తే, ఇంగ్లండులో రాసిన వాక్యం చదువుతూ మనసులో మన పారను ఊహించుకుంటారు.

2. పాత రూపం రాసుకోండి

ఒక్క నిమిషం పని. పాత ఇంగ్లీషులో ఇది స్పాడు. అర్థం అప్పుడూ తవ్వే పనిముట్టే. డచ్చి, జర్మన్ భాషల్లోని చుట్టాలను, అంటే అదే మూలం నుంచి పుట్టిన మాటలను, కూడా పక్కన రాసుకోండి. జర్మన్‌లో ష్పాటెన్.

3. ఒకే స్పెల్లింగ్ ఉన్న మాటలను విడదీయండి

అందరూ బోల్తా పడేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

ఫైల్ సంగతి చూడండి. ఇనుమును అరగదీసే ఆకురాయి కూడా ఇంగ్లీషులో ఫైలే, ఆఫీసులో కాగితాల కట్టా ఫైలే. ‘అరిగేదాకా తిప్పుతారు కాబట్టి ఫైలు’ అని ఎవరైనా చమత్కరిస్తే నవ్వి ఊరుకోండి, నోటుబుక్కులోకి మాత్రం ఎక్కించొద్దు. ఆకురాయి ఫైల్ పాత ఇంగ్లీషు ఫేఓల్ నుంచి వచ్చింది. కాగితాల ఫైల్ ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని మూలం దారం అనే అర్థమున్న లాటిన్ మాట ఫీలుమ్. పాత కిరాణా కొట్లో బిల్లులు గుచ్చి వేలాడదీసే కొక్కెం తీగ చూశారా? అసలు ఫైలు అదే: కాగితాలు గుచ్చిన తీగ. రెంటికీ ఏ సంబంధమూ లేదు.

స్పేడ్ ఇంకా పెద్ద చిక్కు. పేకముక్కల్లో స్పేడ్, అదే మన ఇస్పేటు, నల్లగా అచ్చం పార రేకులా ఉంటుంది. దాంతో ‘పార నుంచే వచ్చింది’ అని తేల్చేస్తారు. ఆ ఆకారం ఫ్రెంచి పేకముక్కలది, అక్కడ దాని పేరు పీక్, అంటే బల్లెం. ఇంగ్లీషు పేరేమో కత్తి అనే అర్థమున్న ఇటాలియన్ స్పాదా నుంచి 16వ శతాబ్దం చివర్లో వచ్చింది. ఆ స్పాదాకు మూలం లాటిన్ స్పాథా, దానికి మూలం వెడల్పాటి రేకు అనే అర్థమున్న గ్రీకు స్పాథే.

మరి ఆ స్పాథేకీ తవ్వే స్పేడ్‌కీ చుట్టరికం ఉందా? ఉంది. కానీ చెవికి ఒకేలా వినిపిస్తున్నాయి కాబట్టి కాదు. బద్మాష్‌లోని ఫారసీ బద్, ఇంగ్లీషు బ్యాడ్ ఒకేలా ఉంటాయి, అర్థమూ ఒకటే, చుట్టరికం సున్నా. అక్షరాల మార్పు ఒక వరసలో, మిగతా మాటల్లో కూడా కనిపించాలి. గ్రీకులో ‘థ’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘డ’ ఉందా? తలుపు: థూరా, డోర్. కూతురు: థుగాతేర్, డాటర్. అలాగే స్పాథే, స్పేడ్. తండ్రికి గ్రీకులో పాతేర్, ఇంగ్లీషులో ఫాదర్ ఉన్నట్టు ఇక్కడ ‘ప’ ఎందుకు ‘ఫ’ కాలేదంటారా? ముందు ‘స’ ఉంటే ‘ప’ మారదు. ఇలాంటి జోడీలు కనీసం రెండు దొరక్కపోతే చుట్టరికం కలపొద్దు. ఈ విషయంలో నా దగ్గర మొహమాటాల్లేవు.

అంటే తవ్వే స్పేడ్, పేకముక్క స్పేడ్ దూరపు బంధువులు. ఒకటి ఇంట్లోనే పెరిగింది, ఇంకోటి గ్రీసు, ఇటలీ తిరిగి అదే పేరుతో వచ్చి చేరింది. నిఘంటువులో వాటిని రెండు వేర్వేరు మాటలుగా ఇస్తారు, మీరూ వేర్వేరు పేజీల్లో రాయండి.

4. అర్థాలను తేదీల వరసలో పెట్టండి

ఏ అర్థానికి పాత ఉదాహరణ ఉందో దాన్ని ముందు రాయండి. సామెతలూ నుడికారాలూ చివర్లో చూడాలి. ‘స్పేడ్‌ను స్పేడ్ అనడం’ అంటే ఉన్నదున్నట్టు చెప్పడం. పార సాదాసీదా వస్తువు కాబట్టి అలా పుట్టిందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఈ నుడికారం గ్రీకు నుంచి వచ్చింది. అందులో ప్రాచీన రచయిత ప్లూటార్క్ రాసింది స్కాఫే, అంటే తొట్టి లాంటిది. డచ్చి పండితుడు ఎరాస్మస్ దాన్ని లాటిన్‌లోకి మార్చేటప్పుడు తవ్వే పనిముట్టుగా చేశాడు. 1542లో ఎరాస్మస్‌ను అనువదిస్తూ నికోలస్ యూడల్ దాన్ని ఇంగ్లీషులో స్పేడ్ అన్నాడు. తేదీలు చూడకపోతే ఈ సంగతి ఎప్పటికీ దొరకదు.

తర్వాత స్పూన్ పట్టండి. పాత ఇంగ్లీషులో దాని అర్థం చెక్కపేడు. అక్కడి నుంచి చెంచా దాకా ఎలా వచ్చిందో మిషిగన్ నిఘంటువు ఉదాహరణల్లో వెతకండి.