కూలిందా, కూల్చారా, గల్లంతైందా?

క్విజ్‌లకు ప్రశ్నలు రాస్తుంటాను. ఒకసారి "రెండో ప్రపంచ యుద్ధంలో విమాన ప్రమాదంలో చనిపోయిన నౌకాదళ కమాండర్ ఎవరు?" అని అడిగాను. నా కాగితం మీద జవాబు బ్రిటన్‌కు చెందిన రామ్సే. ఒక టీమ్ యమమోటో (జపాన్ సంయుక్త నౌకాదళ అధిపతి) అంది, తప్పన్నాను. మూడో బల్ల దగ్గర ఒకమ్మాయి లేచి, "మరి కోగా సంగతేంటండీ?" అంది. ఆయనా జపాన్ అడ్మిరలే. హాలంతా నవ్వులు, నాకేమో చెమటలు. అలాంటి ప్రశ్న రాయాలంటే ఇప్పుడు నేను చేసేది ఇదీ.

పేరు పక్కన పెట్టి ముందు క్రియ తేల్చుకోండి. రామ్సే ఎక్కిన విమానం కూలింది. యమమోటోది కూల్చారు. కోగాది గల్లంతైంది. మూడింటినీ కలిపి "ప్రమాదం" అని రాశారో, నాలాగే ఇరుక్కుంటారు.

యమమోటో సంగతి చూడండి. ఆయన ఎప్పుడు ఎక్కడికి వస్తాడో చెప్పే జపాన్ సందేశాన్ని అమెరికా వాళ్లు విప్పి చదివేశారు. 1943 ఏప్రిల్ 18న రబౌల్ నుంచి బయల్దేరిన ఆయన బాంబర్‌ను పసిఫిక్‌లోని బూగన్‌విల్ దీవి దగ్గర అమెరికా పీ-38 యుద్ధ విమానాలు కాపుకాసి కొట్టాయి. ఇది ప్రమాదం ఎలా అవుతుంది? ఆయన స్థానంలో వచ్చిన కోగా 1944 మార్చి 31న పలావ్ నుంచి దవావోకు ఎగిరే పడవలో (నీటి మీద దిగే విమానంలో) వెళ్తూ తుపానులో మాయమయ్యాడు. వెంట వెళ్లిన రెండో విమానం సెబూ దగ్గర సముద్రంలో దిగింది, అందులో కొందరు బతికారు. అందుకే "ఎవరు?" అని అడిగేముందు "ఏ దేశం?" అని చేర్చాలి.

రామ్సే విషయంలో దాడి లేదు. 1945 జనవరి 2న పారిస్ దగ్గరి తూసూ-ల-నోబ్ల్ విమానాశ్రయం నుంచి ఆయన ఎక్కిన లాక్‌హీడ్ హడ్సన్ విమానం లేచింది. బ్రసెల్స్‌లో బ్రిటిష్ సేనాధిపతి మాంట్‌గోమరీతో సమావేశం ఉంది. లేచిన కాసేపటికే విమానం కూలి, లోపలున్న వాళ్లంతా పోయారు. 1940లో ఫ్రాన్స్ తీరంలోని డన్‌కిర్క్‌లో చిక్కుకున్న 3,38,226 మంది మిత్రరాజ్యాల సైనికులను దాటించిన ఏర్పాట్లు చూసిందీ, నార్మండీ దాడికి ఓడలను నడిపిందీ ఈయనే. ఇంత చేసిన మనిషికి నేను ఒక్క లైను ప్రశ్న రాశానంటే ఇప్పటికీ సిగ్గే.

తర్వాత హోదా. "కమాండర్" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. నౌకాదళంలో అదొక ర్యాంకు, అడ్మిరల్ కంటే చాలా కింద. మనం మాత్రం ఎవరు నడిపిస్తే వాళ్లను కమాండర్ అనేస్తాం. రామ్సే ర్యాంకు అడ్మిరల్, అదే రాయండి.

తేదీల్లోనూ చిన్న మెలిక ఉంది. యమమోటో మరణాన్ని జపాన్ మే 21న గానీ ప్రకటించలేదు. చనిపోయిన రోజా, ప్రకటించిన రోజా అన్నది చూసుకోండి.

ఇవన్నీ అయ్యాక నా ప్రశ్న ఇలా మారింది: "నార్మండీ దాడిలో మిత్రరాజ్యాల నౌకాదళాలకు నాయకత్వం వహించి, 1945 జనవరిలో ఫ్రాన్స్‌లో విమానం కూలి మరణించిన బ్రిటిష్ అడ్మిరల్ ఎవరు?" పొడుగైంది, నిజమే. అయినా ఇంట్లో ఎవరికైనా వినిపించి, ఇంకో పేరు చెప్పగలరేమో అడగండి. చెప్పారా, ఆ ప్రశ్న ఆ రోజుకి పక్కన పెట్టేయండి.